టోకెనమ్మ కొడుక్కి నలభై ఏళ్ళు

బస్టాండులో సామాన్లు దాచే గది దగ్గర పనిచేసే ఆవిడకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం కాగితం మీద రాసి కూడా ఉంటుంది. కానీ ఊళ్ళో ఎవర్నడిగినా టోకెనమ్మ అంటేనే తెలుస్తుంది. పెట్టె లోపల పెట్టుకుని, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెడుతుంది కాబట్టి టోకెనమ్మ. అరవై మూడేళ్ళ మనిషి. బక్కపలచగా ఉంటుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. కిటికీ ఊచల వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాడి మొహంలోకి తేరిపార చూస్తే గానీ పెట్టె ముట్టుకోదు. ఒక్కసారి చూసిన మొహం మళ్ళీ మర్చిపోదు. ఆ చూపుకి కొత్తవాళ్ళు కాస్త జంకుతారు. ఏ తప్పూ చెయ్యకుండానే జేబులు తడుముకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

నిజానికి ఆ చూపులో అనుమానమూ లేదు, పాడూ లేదు. ఆవిడ కొడుకుని వెతుక్కుంటోంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ కిటికీలోంచి వెతుక్కుంటూనే ఉంది. బస్సు దిగినవాడి చేతిలో బరువుంటే ముందు ఆ కిటికీ దగ్గరికే రావాలి. ఊరొదిలి వెళ్ళినవాడు ఏదో ఒక రోజు బస్సు దిగక తప్పదు. ఇంతే ఆవిడ లెక్క. అందుకే సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని వదిలేసి ఈ స్టూలు ఎక్కింది.

కొడుక్కి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. లేతు మిషన్ల షెడ్డులో పని నేర్చుకోమని పంపించారు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాడు, సాయంత్రం చేతులనిండా నూనె మరకలతో వచ్చేవాడు. 'వెళ్ళేవాడు, వచ్చేవాడు' అని నేనంటున్నాను గానీ, ఆ ఇంట్లో ఈ మాటలు అనడానికి వీల్లేదు. వెళ్తాడు, వస్తాడు, తింటాడు అనే అనాలి. 'ఉండేవాడు' అని ఎవరైనా నోరు జారారో, టోకెనమ్మ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "ఉండేవాడేంటి? ఇప్పుడు లేడా? నువ్వు చూశావా?" అని దులిపేస్తుంది. చుట్టాలు ఆవిడ ముందు నోరు తెరవడానికి భయపడి, ఆ ఇంటికి రావడమే తగ్గించారు.

సరే, ఏం జరిగిందో చెప్పాలి కదా. ఒకరోజు ఆవిడకి కూరగాయల దుకాణం దగ్గర షెడ్డు యజమాని ఎదురుపడి, "మీవాడు మానేసి రెండు నెలలైంది కదమ్మా, ఇంకెక్కడన్నా చేరాడా?" అని మామూలుగా అడిగాడు. అడిగి, వంకాయలు ఏరుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మానేసినందుకు కాదు. ఆ నూనె మరకలకి. పిల్లాడు సైకిలు చెయినుకున్న నూనె చేతులకి రాసుకుని ఇంటికొస్తున్నాడన్నమాట. రెండు నెలలపాటు ఆ చేతులు తను వేణ్ణీళ్ళు పెట్టి, సబ్బు పెట్టి రుద్ది కడిగింది. పాపం అలిసిపోయి వచ్చాడని పక్కన కూర్చుని అన్నం పెట్టింది.

ఆ సాయంత్రం వీధి వీధంతా వినేలా అరిచింది. వాడు తల దించుకుని నిలబడ్డాడే గానీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఉంటే అక్కడికి పోయేదేమో. చివరికి, "పో అవతలికి. నీ మొహం నాకు చూపించకు" అంది. తల్లులందరూ అనే మాటే. మీ అమ్మా అని ఉంటుంది, మా అమ్మా అంది. మనం కాసేపు బయట తిరిగి, ఆకలేసి ఇంటికొచ్చాం. వాడు రాలేదు. ఆ చెప్పులతో, ఆ చొక్కాతో అలాగే బస్టాండుకి వెళ్ళాడని ఒక కండక్టరు చెప్పాడు. ఏ బస్సు ఎక్కాడో మాత్రం చూడలేదన్నాడు. తండ్రి ఊరూరా తిరిగాడు. ఆరేళ్ళు తిరిగి, ఒక చలికాలం జ్వరంతో పోయాడు. పోయేముందు కూడా భార్యని ఆ మాట ఎందుకన్నావని అడగలేదు. అడిగి ఉంటే బావుండేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది.

మిగిలింది ఒక కూతురు. అన్న వెళ్ళినప్పుడు పన్నెండేళ్ళ పిల్ల. ఇప్పుడు పెళ్ళయి అదే వీధి చివర ఉంటుంది, శుభలేఖలూ కరపత్రాలూ వేసే దుకాణంలో టైపు చేస్తుంది. 'కనబడుటలేదు' కాగితం ఏడాదికొకసారి కొత్తగా వేసి తెచ్చేది ఆ పిల్లే. టోకెనమ్మ దాన్ని కిటికీ పక్కన గోడకి అంటిస్తుంది. అదే ఫోటో, అదే చొక్కా రంగు, ఎడమ కనుబొమ్మ మీద గాటు, వయసు పంతొమ్మిది. ఒక ఏడాది కూతురు ధైర్యం చేసి వయసు దగ్గర ముప్ఫై అని టైపు చేసింది. టోకెనమ్మ ఆ కట్టంతా నాలుగు ముక్కలుగా చించి, "ఈ ఫోటోలో పిల్లాడికి ముప్ఫై ఏళ్ళంటే ఎవరన్నా నమ్ముతారటే?" అంది. అందులో అబద్ధం మాత్రం ఏముంది? కూతురు మళ్ళీ పంతొమ్మిది వేసి తెచ్చింది.

ఆ కాగితం చూసే ఒకావిడ ఆగింది. రంగులతో బొమ్మలు వేసే మనిషి, బొమ్మలావిడ అందాం.

అప్పటికి ఊరి పరిస్థితి ఏమంత బాగాలేదు. మిల్లు మూసేశారు. బస్సులు సగానికి సగం తగ్గించారు. ఉన్న ఉద్యోగం వచ్చే నెలకి ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. సామాన్ల గది తీసేసి ఇనప అరలు పెడతారని, ఎవరి తాళం వాళ్ళే వేసుకోవచ్చని ఒక పుకారు. ఆ మాట విన్నప్పటి నుంచి టోకెనమ్మకి ముద్ద దిగడం లేదు. తను లేకపోతే కిటికీ ఉండదు. కిటికీ లేకపోతే వాడొచ్చినా చూసేదెవరు?

బొమ్మలావిడకి నలభై అయిదుంటాయి. వేళ్ళ గోళ్ళలో రంగు, భుజాన ఒక పెద్ద గుడ్డ సంచీ. గోడ మీది కాగితం రెండుసార్లు చదివి, కిటికీ దగ్గరికొచ్చి, "ఈయన మీకేమవుతారండీ?" అంది.

"ఈయనేంటమ్మా, పిల్లాడు. నా కొడుకు."

"ఇప్పుడెన్నేళ్ళు?"

టోకెనమ్మ లెక్కపెట్టుకోవాల్సిన పనిలేదు. "ఈ నెలతో నలభై" అంది. అనగలదు. లెక్క రాని మనిషి కాదు. నోటికి ఆ లెక్క తెలుసు. కళ్ళకే ఎవరూ చెప్పలేదు.

బొమ్మలావిడ సంగతి చెప్పింది. గ్రంథాలయం మేడ మీద హాల్లో బొమ్మలు పెడుతోంది. అన్నీ మనుషుల బొమ్మలే. ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి రానివాళ్ళు పన్నెండుమంది. వాళ్ళు ఇప్పుడెలా ఉంటారో అలా, నిలువెత్తు. బస్సు దిగుతున్నట్టు, మెట్లెక్కుతున్నట్టు, తలుపు కొడుతున్నట్టు. పేరు 'వస్తారు'. "ఈ రోజుల్లో ఎవరికీ రేపటి మీద నమ్మకం లేదమ్మా. అందరూ పోయినవాళ్ళ బొమ్మలే వేస్తున్నారు. నేను వచ్చేవాళ్ళ బొమ్మలు వేద్దామనుకున్నాను" అంది.

వస్తారు అన్న మాట చెవిన పడగానే టోకెనమ్మ స్టూలు దిగింది. ఇరవై ఒక్క ఏళ్ళలో బయటి మనిషెవరూ ఆవిడతో ఆ మాట అనలేదు. ఇంట్లోవాళ్ళు భయపడి అంటారు, పోలీసులు విసుక్కుంటూ అంటారు. ఈవిడ ఎవరో, ఏమీ కాని మనిషి, దానికోసం గుడ్డా రంగూ కొనుక్కుని మరీ అంటోంది. "వందలమంది చూస్తారు. వాళ్ళలో ఒకరైనా ఆయన్ని ఎక్కడో చూసి ఉండొచ్చు కదా" అని కూడా అనేసరికి, ఆవిడ రెండు చేతులూ ఊచల్లోంచి చాచి బొమ్మలావిడ చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో ఉన్నాయన గొంతు సవరించుకున్నా వదల్లేదు.

వరసగా మూడు ఆదివారాలు బొమ్మలావిడ గదికి వెళ్ళారు. టోకెనమ్మ, కూతురు, టోకెనమ్మ తమ్ముడు. మూతపడ్డ రంగుల దుకాణం మీది గది అది. ఎటు చూసినా చెక్క చట్రాలు, డబ్బాల్లో కుంచెలు, ముక్కు పగిలిపోయే నూనె వాసన. తమ్ముడు బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నవాడు. నోరు ఊరుకోదు, తల మీద వెంట్రుక లేదు. అతన్ని ఎందుకు రమ్మందంటే, బొమ్మలావిడ పని పద్ధతి అది. ఫోటోలో పిల్లాడు పంతొమ్మిది దగ్గర ఆగిపోయాడు. అక్కడి నుంచి నలభైకి తీసుకురావాలంటే ఆ ఇంటి మగవాళ్ళు నలభైలో ఎలా ఉన్నారో చూడాలి. తండ్రి నలభై ఏళ్ళ ఫోటో ఒకటి తెప్పించుకుంది. మేనమామని కిటికీ వెలుగులో కూర్చోబెట్టింది.

"ఈయనకి జుట్టు ఎప్పుడు ఊడటం మొదలైంది?"

"ముప్ఫై రెండులో," అన్నాడు తమ్ముడు, అదేదో ఉద్యోగంలో చేరిన ఏడాది చెప్పినట్టు.

టోకెనమ్మకి ఎక్కడో కాలింది. "చూడమ్మా, నా కొడుక్కి బట్టతల పెట్టావంటే ఊరుకోను. వాడి జుట్టు నుదుటి మీద పడుతుంది. దువ్వెన విరుగుతుంది వాడి జుట్టుకి."

"మేనమామ పోలిక అని నువ్వేగా ఊరంతా చెప్పావక్కా. పోలికంటే ముక్కొక్కటే వస్తుందా? తల కూడా వస్తుంది" అన్నాడు తమ్ముడు.

"నోర్మూసుకుని కదలకుండా కూర్చోరా."

బొమ్మలావిడ నవ్వుకుంటూ బొగ్గుముక్కతో గీస్తూనే ఉంది. మధ్యమధ్య అడుగుతోంది. కూర్చుంటే కాళ్ళు ఎలా పెట్టుకుంటాడు? బరువు ఏ చేత్తో మోస్తాడు? మొహమాటం వేస్తే ఏం చేస్తాడు? టోకెనమ్మ దేనికీ తడుముకోలేదు. కుడికాలు కిందకి మడుచుకుంటాడు, ఎడంచేత్తో మోస్తాడు, మొహమాటమేస్తే మెడ వెనక రాసుకుంటాడు. అన్నీ వాడు పక్కగదిలో ఉన్నట్టే చెప్పింది. తమ్ముడు మధ్యలో అందుకుని, "చిన్నప్పుడు మా బస్సెక్కి హారను తెగ కొట్టేవాడు" అన్నాడో లేదో, అక్క చూసిన చూపుకి గుటక వేసి దిద్దుకున్నాడు. "అదే, కొడతాడు. ఏడేళ్ళప్పుడు హారను కొడతాడు." కూతురికి నవ్వాగలేదు. టోకెనమ్మకీ పెదవి చివర వంకర తిరిగింది. ఆ గదిలో ఆ ముగ్గురూ కలిసి నవ్వి ఎన్నేళ్ళయిందో.

నాన్నకి కళ్ళజోడు ఎప్పుడొచ్చిందని బొమ్మలావిడ కూతుర్ని అడిగింది. ముప్ఫై అయిదులోనే వచ్చిందని కూతురు చెప్పింది. ఆ మాట టోకెనమ్మ వినిపించుకోలేదు. అప్పటికి ఆవిడ బల్ల మీదున్న ఫోటో తుడుస్తోంది.

బొమ్మ మాత్రం చూపించలేదు. గుడ్డ కప్పేసింది. "ఇప్పుడు చూపిస్తే మీరు నాతో దెబ్బలాడతారు. హాల్లోనే చూద్దురు గాని" అంది. టోకెనమ్మ సరేనంది. తర్వాత పది రోజులూ ఆవిడని పట్టుకోవడం ఎవరితరం కాలేదు. బస్టాండులో బిళ్ళ తీసుకున్న ప్రతివాడికీ "గ్రంథాలయం మేడ మీద మావాడి బొమ్మ పెడుతున్నారు, చూసి వెళ్ళు" అని చెప్పింది. కరపత్రాలు తెచ్చి పెట్టెల హ్యాండిళ్ళకి కట్టింది. గది తీసేస్తారన్న పుకారు కూడా మర్చిపోయింది.

బొమ్మలు పెట్టిన రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. కొత్త బట్టలు కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది. కొడుకుని చూడ్డానికి వెళ్తున్నట్టే వెళ్ళింది, నేను వేరే ఏం చెప్పను?

హాలు బాగా పెద్దది. పై కిటికీల్లోంచి ఎండ పడుతోంది. గోడల వెంట పన్నెండు బొమ్మలు, ఒక్కోటీ మనిషెత్తు. జనం కూడా బాగానే వచ్చారు. పని పోయిన మిల్లు మనుషులు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, రాసుకోవడానికొచ్చిన పత్రికలవాళ్ళు. ఎవరో ఒకాయన, "ఈ రోజుల్లో ఇలాంటివే కావాలండీ, మనసుకి ధైర్యంగా ఉంది" అంటున్నాడు. బొమ్మలావిడ మూలన నిలబడి అందరికీ దణ్ణాలు పెడుతోంది.

టోకెనమ్మ గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఒక్కో బొమ్మ ముందూ ఆగింది. తప్పిపోయిన ఒక అమ్మాయి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ మనిషై మెట్లెక్కుతోంది. "ఎంత కళగా ఉందో చూడవే, వీళ్ళమ్మ చూసుకుందో లేదో" అంది. ఒక ముసలాయన తలుపు కొడుతున్నాడు. ఆయన పెళ్ళాన్ని తల్చుకుని కళ్ళొత్తుకుంది. అన్నిటికీ ఆవిడ దగ్గర మాట ఉంది.

ఏడో బొమ్మ దగ్గర కూతురి కాళ్ళు ఆగిపోయాయి.

బస్సు మెట్టు దిగుతున్న మనిషి. ముందు జుట్టు పలచబడింది, చెవుల పక్కన నెరిసింది. కళ్ళజోడు. కాస్త పొట్ట, కాస్త వంగిన భుజాలు. ఎడంచేతిలో సంచీ. కుడిచెయ్యి మెడ వెనక ఉంది. నాన్నలా ఉన్నాడు, మావయ్యలా ఉన్నాడు, ఎవరిలాగా లేడు, అన్నయ్యే. పక్కనున్న తల్లి చెయ్యి పట్టుకోబోయింది.

టోకెనమ్మ ఆ బొమ్మని అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది. తల పక్కకి వంచి చూసింది. తర్వాత, "ఈయనెవరో పాపం, బాగా అలిసిపోయినట్టున్నారే" అంది. "పిల్లలున్న మనిషిలా ఉన్నారు. వీళ్ళవాళ్ళు ఎంత బెంగపెట్టుకున్నారో." అనేసి ఎనిమిదో బొమ్మ దగ్గరికి నడిచింది.

కూతురు అక్కడే నిలబడిపోయింది. తల్లి ఎనిమిది, తొమ్మిది, పది చూసింది. పన్నెండూ చూసింది. మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, బొమ్మలావిడ దగ్గరికి వెళ్ళింది. "అమ్మాయ్, అన్నీ చూశానమ్మా, చాలా బాగా వేశావు. మావాడిది ఎక్కడ పెట్టావు? లోపల ఇంకో గది ఉందా?" అని అడిగింది.

బొమ్మలావిడ మొహంలో రంగు పోయింది. కూతురి వంక చూసింది. కూతురు తల్లి భుజం పట్టుకుని ఏడో బొమ్మ ముందుకి నడిపించుకొచ్చి, "ఇదేనమ్మా" అంది. "కనుబొమ్మ చూడు."

కళ్ళజోడు చట్రం కింద సగం దాగి, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది. కుళాయి దగ్గర జారిపడ్డప్పటిది. మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు వేస్తున్నంతసేపూ ఆ తల టోకెనమ్మ ఒళ్ళోనే ఉంది.

ఆవిడ గాటు చూసింది. గాటు నుంచి కళ్ళకి వచ్చింది, కళ్ళ నుంచి ముక్కుకి, ముక్కు నుంచి మెడ వెనకున్న చేతికి. అప్పుడు గుర్తుపట్టింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. దగ్గర్లో ఉన్న బల్ల మీద కూర్చుని, "నిజంగా ఇలాగే ఉంటాడా?" అంది.

"నేను ఊహించి వేశానమ్మా. అచ్చం ఇలాగే ఉండాలని లేదు" అంది బొమ్మలావిడ.

"ఇలా లేకపోతే, ఇంకెలా ఉంటాడు? పంతొమ్మిదేళ్ళ పిల్లాడిలా ఉంటాడా?"

టోకెనమ్మ కూతురి వైపు తిరిగింది.

"నేను పిల్లల్నే చూశానే" అంది టోకెనమ్మ కూతురితో. గొంతు మామూలుగానే ఉంది. అందుకే కూతురికి భయమేసింది. "ఇన్నేళ్ళూ కిటికీలోంచి కుర్రాళ్ళనే చూశాను. జుట్టు నుదుటి మీద పడ్డవాళ్ళని, సన్నగా ఉన్నవాళ్ళని. వీడు వెళ్ళాక పుట్టినవాళ్ళని కూడా చూశానే. పెద్దవాళ్ళొస్తే మొహంలో మావాడు లేడని చటుక్కున బిళ్ళ ఇచ్చి పంపేశాను."

"అమ్మా, అన్నయ్య వస్తే నిన్ను పిలవడా? అమ్మా అనడా?"

టోకెనమ్మ కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి గానీ, చూస్తున్నది బొమ్మని కాదు. ఒక్కసారి చూసిన మొహం ఆవిడ మర్చిపోదని చెప్పాను కదా. ఆ గుణం ఇప్పుడు ఆవిడని నిలువునా తినడం మొదలుపెట్టింది. "ఆరేళ్ళ క్రితం," అంది. "వానాకాలం. కళ్ళజోడు పెట్టుకున్నాయన ఒకడు నల్లసంచీ తెచ్చి పెట్టాడు. బిళ్ళ ఇచ్చినా కదల్లేదు. మీరు ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నారా అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా?"

"వద్దులే అమ్మా."

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి, వెనక జనం ఉన్నారు, జరుగు అన్నాను. మొహంలోకి చూసే అన్నానే. చూసి అన్నాను. గంటాగి వచ్చి సంచీ తీసుకున్నాడు. తీసుకుని ఎదురుగా స్తంభం దగ్గర నిలబడి చాలాసేపు ఇటే చూశాడు. బస్సు కోసం అనుకున్నాను."

"అది అన్నయ్యే అయ్యుండక్కర్లేదు. ఎవరో ప్రయాణీకుడు."

"అయ్యుండక్కర్లేదు. అంతకుముందు ఇంకొకడు, నీళ్ళు అడిగాడు. కుళాయి అటుంది అన్నాను. ఇంకొకడు గోడ మీద కాగితం చదువుతూ నిలబడ్డాడు. అడ్డం లేవయ్యా అన్నాను." ఆవిడ ఒక్కొక్కర్నీ వేళ్ళ మీద చెప్పుకుపోతోంది, ఆగడం లేదు. "వాడు పిలవడే. ఎందుకు పిలుస్తాడు? నీ మొహం చూపించకు అన్నాను. చూపించాడు. చూపించి, నేను పిలుస్తానేమోనని నిలబడ్డాడు. నేను చూసి, జరగమన్నాను."

అప్పుడు ఏడ్చింది. అది ఏడుపులా లేదు. కడుపులో ఏదో తెగినట్టు ఒక శబ్దం చేసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ధైర్యంగా ఉందన్నాయన అటు తిరిగి నిలబడ్డాడు. బొమ్మలావిడ నేల మీద కూలబడి ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది. "నేను మంచే చేద్దామనుకున్నానమ్మా. వస్తారని చెబుదామనుకున్నాను" అంది.

"తప్పు నీది కాదమ్మా. వస్తారనే చెప్పావు. వచ్చి వెళ్ళిపోయి ఉంటాడని నాకు తట్టలేదు, అంతే" అంది టోకెనమ్మ.

మర్నాడు ఇంట్లో ఉండమని కూతురు ఎంత బతిమాలినా వినలేదు. పొద్దున ఆరుకే వెళ్ళి స్టూలెక్కింది. గోడ మీది కాగితం తనే గోళ్ళతో గీకి తీసేసింది. ఇప్పుడు ఆవిడ కుర్రాళ్ళ వైపు చూడటం లేదు. నలభై దాటినట్టున్నవాడు వస్తే చాలు, పెట్టె ముట్టుకోకుండా, "కళ్ళజోడు ఒకసారి తియ్యి బాబూ" అంటుంది. కొత్తగా ఏదో నియమం పెట్టారనుకుని చాలామంది తీస్తారు. కళ్ళజోడు లేనివాళ్ళని తల పైకెత్తమంటుంది. ఒకాయన తిట్టాడు. ఒకాయన నవ్వాడు. వరస తలుపు దాటి బయటిదాకా పెరిగిపోయింది. పక్క కౌంటరు గుమస్తా వచ్చి, "ఏంటమ్మా ఇది, అందరూ గొడవ చేస్తున్నారు" అంటే, "చెయ్యనీ" అంది.

మొహాలు చూస్తే సరిపోదని నాలుగో రోజుకి ఆవిడకి అర్థమైంది. గాటు మాసిపోయి ఉండొచ్చు. పోలిక మారిపోయి ఉండొచ్చు. అడగాలి. అప్పటి నుంచి అడగడం మొదలుపెట్టింది. "మీ అమ్మ ఉందా బాబూ?" అని. ఉందండీ అన్నవాడికి బిళ్ళ ఇస్తుంది. ఊళ్ళో ఉందనో, పొద్దునే ఫోన్ చేసిందనో చెప్పినవాడిని, "వెళ్ళి కనబడు నాయనా" అని పంపుతుంది.

ఆ సాయంత్రం ఎర్రబస్సు దిగి ఒకాయన వచ్చాడు. పలచటి జుట్టు, చెమటకి తడిసిన చొక్కా, భుజాన బరువైన సంచీ. కళ్ళజోడు తియ్యమంటే తీశాడు. కనుబొమ్మ మీద ఏమీ లేదు. టోకెనమ్మ అయినా అడిగింది.

"అమ్మ లేదండీ," అన్నాడాయన. "పోయి చాలా ఏళ్ళయింది."

టోకెనమ్మ స్టూలు మీంచి కిందకి దిగింది. ఊచలకి మొహం ఆనించి, ఆయన చొక్కా చేతిని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"ఎవరు చెప్పారు నాయనా నీకు?" అంది. "పోయిందని నీకెవరు చెప్పారు?"